మనకు అప్పగింపబడిన దేహము

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–8

చావగోరి బదరీవృక్షము క్రింద పరుండిన ఏలీయాకు దేవుడు మొదట నిద్రయు, రొట్టెయు, నీళ్లును ఇచ్చెను. పని అప్పగించినది ఆ తరువాతనే. ఈ సంగతి మనస్సున నుంచుకొని, మన స్టూవర్టుపురము పుట్టుకకు కారకుడైన ఫ్రెడరిక్ బూత్-టక్కరు దొరగారి జీవితమును ధ్యానింతము.

ఆయన 1853లో బీహారులోని ముంగేరులో జన్మించెను. పంజాబులో ప్రభుత్వపు గొప్ప ఉద్యోగము చేయుచు, 1881లో దానిని విడిచి రక్షణ సైన్యములో చేరెను. మరుసటి ఏట కొద్దిమంది సహచరులతో బొంబాయిలో దిగెను. బీదలయొద్దకు పోవువాడు బీదవానివలె నుండవలెనని తలంచి, తలపాగా చుట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొని, చెప్పులు లేకయే ఎండలో తిరిగెను. గ్రామస్థులు భిక్షగా పెట్టినది తినెను. ఆ దీనత్వమును చూచి అనేకులు ఆయన మాట వినిరి.

అయితే చల్లని దేశమునుండి వచ్చిన యౌవనస్థులు కూడ ఆయన మాదిరినే అనుసరించిరి. ఎండకును, చెడ్డ నీటికిని, జ్వరములకును లోనై వారిలో పలువురు త్వరలోనే మరణించిరి. 1887లో ఆయన భార్య లూయిసా గతించెను. 1888లో ఆయన జనరల్ బూత్ గారి కుమార్తె ఎమ్మాను వివాహమాడెను. ఆమె ఆరోగ్యము చెడుటచేత 1891లో వారు ఈ దేశము విడిచిపోవలసి వచ్చెను.

ఆయన త్యాగమును నేను తక్కువ చేయను. అయినను నాయకుడు చెప్పులు విడిచినయెడల వెనుక వచ్చువారును విడుతురు. తన దేహమును గూర్చి ఒకడు చేసికొను తీర్మానము అతనితోనే నిలిచిపోదు.

1907లో ఆయన తిరిగి వచ్చి 1919 వరకు ఇచ్చట పనిచేసెను. ఆ కాలములోనే, నేరస్థ జాతుల చట్టము క్రింద, ఎరుకలవారి కొరకు రక్షణ సైన్యము స్టూవర్టుపురమును నెలకొల్పెను. మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు గారి పేరు దానికి పెట్టిరి. సెటిల్‌మెంటులోని మన పెద్దలు దినదినము హాజరు చెప్పవలసియుండెను. సెలవు చీటి లేక ఊరు దాటరాదు. ఫకీరు తన కష్టమును తానే కోరుకొనెను. వీరికి ఆ కోరిక లేదు. ఎక్కడ నుండవలెనో తాను నిర్ణయించుకొనలేని మనుష్యుని రోగమునకు వానినే నిందించుట న్యాయమా? ఆ లెక్క వానిని అక్కడ నిలిపినవారే చెప్పవలెను.

ఆ చట్టము 1952 నాటికి దేశమంతటను రద్దయ్యెను. ఇప్పుడు మన రాకపోకలు మన చేతిలోనున్నవి. కాబట్టి లెక్కయు మనమీదనే యున్నది. బీదరికము ఎవని చేయి కట్టివేయుచున్నదో వానికి సంఘము సహాయము చేయవలెను. చేయి విడుదలయైనవాడు తన పని తాను చేయవలెను.

నా తప్పు చెప్పుకొందును. ఒకసారి ఉపవాస దినములలో విశ్వాసమనుకొని చక్కెరవ్యాధి మాత్రలు మానితిని. మూడవ దినమున ప్రార్థనలో కూలిపోగా, కూలికి పోవలసిన సహోదరులు పని మానుకొని నన్ను ఆసుపత్రికి మోసికొనిపోయిరి. వారు ఆ దినపు కూలి పోగొట్టుకొనిరి. నా ఉపవాసమునకు వెల చెల్లించినది వారే.

బూత్-టక్కరు గారు 1929లో, 76 ఏండ్ల వయస్సున నిద్రించెను. రక్షణ సైన్యమువారు నిడుబ్రోలులోను బాపట్లలోను ఆసుపత్రులు కట్టిరి. ప్రియులారా, ఏలీయాకు రొట్టె తెచ్చిన దూత నేడు మాత్రయు మంచినీళ్లును తెచ్చినయెడల, లేచి పుచ్చుకొనుడి. ప్రయాణమింకను దూరమున్నది.