తిరగలి విసిరిన సంపాదకుడు

1982లో వచ్చిన 'నికాహ్' సినిమాలో గులాం అలీ పాడిన గజల్ మన ఇళ్ళల్లో విననివారు అరుదు. అది రాసినవారు మౌలానా హస్రత్ మొహానీ గారని తెలిసినవారు మాత్రం తక్కువే. తెలిసినా, 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదాన్ని మనకిచ్చిన నాయకుడనే ఎక్కువమంది చెబుతారు. ఒక చిన్న పత్రిక కోసం ఆయన పడిన పాట్లు ఇక్కడ చెప్పదలచాను.

ఆయన అసలు పేరు సయ్యద్ ఫజలుల్ హసన్. ఊరు ఉన్నావ్ జిల్లాలోని మోహాన్, అందుకే మొహానీ. 1903లో అలీగఢ్ కాలేజీలో బి.ఏ. ప్యాసయ్యారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే మాటలా? సర్కారు కొలువు దొరికేది. ఆయన ఆ దారి పట్టక, అదే సంవత్సరం అలీగఢ్‌లోనే 'ఉర్దూ-ఎ-ముఅల్లా' అనే మాసపత్రిక పెట్టారు. అందులో కొత్త గజళ్ళు వేసేవారు, రాజకీయాలు రాసేవారు. అన్నిటికన్నా పెద్ద మేలేమిటంటే, జనం మరచిపోయిన పాత కవుల దీవాన్లు వెదకి తెచ్చి, మంచివి ఏరి అచ్చువేయడం. ఆయన పూనుకోకపోతే వాటిలో ఎన్ని చెదల పాలయ్యేవో!

1908లో ఈజిప్టులో ఇంగ్లీషువారి పాలనను విమర్శిస్తూ ఒక వ్యాసం వేశారు. దాని కింద రచయిత పేరు లేదు. సర్కారు రాజద్రోహం కేసు పెట్టింది. రాసిందెవరో చెబితే ఆయన మీద భారం తగ్గేదేమో. కానీ పేరు చెప్పలేదు, బాధ్యతంతా తనమీదే వేసుకున్నారు. రెండేళ్ళ కఠిన శిక్ష, 500 రూపాయల జుర్మానా పడ్డాయి. శిక్ష తర్వాత ఏడాదికి తగ్గింది. జుర్మానా కింద, ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టిన పుస్తకాలను కారుచౌకగా వేలం వేశారు. పాత కవులను అంతగా ప్రేమించిన మనిషికి జైలుకన్నా ఇదే పెద్ద దెబ్బ అయివుంటుందని నాకనిపిస్తుంది. అలహాబాదు దగ్గర నైనీ జైల్లో ఆయన చేత తిరగలి విసిరించారు. విసురుతూనే గజళ్ళు అల్లుకున్నారు.

1909లో విడుదలయ్యాక మళ్ళీ పత్రికే మొదలుపెట్టారు! ఇంట్లోనే చిన్న చేతి ప్రెస్సు పెట్టుకున్నారు. బేగం నిషాతున్నిసా గారు ఆ పనిలో భర్తకు తోడుగా నిలిచారు. 1913లో సర్కారు 3000 రూపాయల జామీను కట్టమన్నది. ఇల్లు గడవడమే కష్టమైనవారు అంత సొమ్ము ఎక్కడినుంచి తెస్తారు? ప్రెస్సు మూతపడింది. మౌలానా అలీగఢ్‌లో స్వదేశీ బట్టల కొట్టు పెట్టుకున్నారు.

ఆ తర్వాత కూడా జైళ్ళు తప్పలేదు. 1921లో అహమ్మదాబాద్ కాంగ్రెసులో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని తీర్మానం పెట్టారు. అది ఆనాడు నెగ్గలేదు. 1937లో బేగం గారు పోయారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మౌలానా రాజ్యాంగ సభలో సభ్యులు. 1951 మే 13న లక్నోలో కన్నుమూశారు.