కల్నల్ సి. కె. నాయుడు

కొట్టారి కనకయ్య నాయుడు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమునందు తెలుగు కుటుంబమున జన్మించెను. 1916లో ప్రథమశ్రేణి క్రికెట్టున ప్రవేశించెను.

ఆ కాలమున మన దేశమందు ఆటనే నమ్ముకొని బ్రదుకుట దుర్లభము. సంస్థానాధీశుల యాదరము దొరికినవారికే నిలుకడగల జీవనము లభించుచుండెను. ఇండోరు హోల్కారు మహారాజు నాయుడును రావించి తన సైన్యమునందు ఉద్యోగమొసగెను. 1926లో ఆయన బొంబాయియందు ఆంగ్లేయుల జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసెను. 1932లో లార్డ్స్ మైదానమున మన దేశపు మొదటి టెస్టునకు నాయకుడయ్యెను. బంతి నాపబోయి చేతికి దెబ్బ తగిలినను బ్యాటు పట్టి 40 పరుగులు తీసెను. ఆ ఇన్నింగ్సులో మనవారికి అవియే మిక్కిలి పరుగులు.

1948లో హోల్కారు సంస్థానము విలీనమయ్యెను. ఆశ్రయమిచ్చిన రాజ్యము పోయినను ఆయన ఆట మానలేదు. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు, రంజీ పోటీలలో తొలిసారి నిలిచిన ఆంధ్ర జట్టునకు 58 ఏండ్ల నాయుడే నాయకుడు. 1956లో పద్మభూషణ బిరుదము నందెను. క్రికెట్టు ఆటగాండ్రలో దానిని పొందిన ప్రథము డాయనయే. తుదిసారి ప్రథమశ్రేణి ఆట ఆడునాటికి ఆయన వయస్సు 68 ఏండ్లు. 1967 నవంబరు 14న ఇండోరులో కీర్తిశేషుడయ్యెను.

బాలురారా! దేహబలము యౌవనముతో వచ్చును. దానిని వార్ధక్యము వరకు నిలుపునది నిత్యసాధనయే. రాజులిచ్చిన ఉద్యోగము కొంతకాలమే నిలిచినది; సాధన తుదివరకు తోడుండెను.