జెండా వెంకయ్య గారి కథ, మన పిల్లల కోసం

జాతీయగీతం మాట వస్తే మన మదనపల్లె వాళ్లం కాస్త గర్వంగానే మాట్లాడతాం. 1919లో రవీంద్రనాథ్ టాగూరు గారు ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. మార్గరెట్ కజిన్స్ గారు దానికి స్వరాలు రాశారు. అదే జెండా గీసిన పెద్దమనిషి ఎవరని అడిగితే మాత్రం మన పిల్లలు తల గోక్కుంటారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో మా సంఘం పిల్లలచేత ఆదివారాల్లో జెండాలు చేయిస్తున్నాం. పుంగనూరులో ఒక బిడ్డ ఆకుపచ్చ పెన్సిలు పట్టుకొని, చాచా, ఈ పట్టీ ఒక్కటే కదా మనది అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే ఆ జవాబు వెంకయ్య గారి కథలోనే దొరికింది.

పింగళి వెంకయ్య గారు 1876లో బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. సైన్యంలో చేరి, బోయర్ యుద్ధకాలంలో దక్షిణాఫ్రికా వెళ్లి, అక్కడ గాంధీగారిని ఎరిగారు. తిరిగొచ్చాక పత్తి సాగు మీద పరిశోధన చేస్తే పత్తి వెంకయ్య అన్నారు, వజ్రాల శాస్త్రం చదివితే డైమండ్ వెంకయ్య అన్నారు. ఎన్ని పేర్లు పెట్టినా ఆయన మనసు జెండా మీదనే. బందరు జాతీయ కళాశాలలో ఉండగా, 1916లో, ఇతర దేశాల జెండాలను వివరిస్తూ, మనకు తగిన నమూనాలు చూపిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. కాంగ్రెసు సభ ఎక్కడ జరిగినా వెళ్లి అదే మాట ఎత్తేవారు. వినేవాళ్లకు విసుగు పుట్టిందేమో గానీ ఆయనకు పుట్టలేదు.

1921లో బెజవాడ సభల్లో గాంధీగారు అడిగితే ఎరుపు, ఆకుపచ్చ పట్టీల మీద రాట్నం వేసి ఇచ్చారు. రాట్నం పెట్టమన్నది జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ గారు. ఎరుపు హిందువులకు, పచ్చ ముస్లిములకు అని అప్పటి లెక్క. మిగతా మతాలవారికోసం గాంధీగారు తెలుపు చేర్పించారు. అంటే మన పుంగనూరు బిడ్డ అడిగినదాంట్లో తప్పులేదు, కాకపోతే అది 1921 నాటి మాట!

రంగులను ఇలా మతాలకు పంచడం చాలామందికి నచ్చలేదు. 1931లో కాంగ్రెసు ఏడుగురితో ఒక సంఘం వేసింది. మౌలానా ఆజాద్ గారు అందులో ఒకరు, మన పట్టాభి సీతారామయ్య గారు కన్వీనరు. వాళ్లు మొత్తం కాషాయ జెండా సూచించారు, అది నెగ్గలేదు. చివరకు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ నిలిచాయి. ఏ రంగూ ఏ మతానిదీ కాదని అప్పుడే తీర్మానించారు. కాషాయం ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు సత్యానికీ శాంతికీ, పచ్చ విశ్వాసానికీ శౌర్యానికీ గుర్తన్నారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం తీసి అశోక చక్రం పెట్టింది. రాజ్యాంగ సభ కార్యాలయంలో పనిచేసిన బద్రుద్దీన్ త్యాబ్జీ గారికీ, వారి శ్రీమతి సురయ్యా గారికీ ఆ మార్పులో చెయ్యి ఉందని వారి కుటుంబంవారు చెబుతారు.

ఇప్పుడు మేం పిల్లలచేత మూడు జెండాలూ పక్కపక్కన గీయిస్తున్నాం. 9 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు కాగితం చాలు. రెండేసి అంగుళాల పట్టీలు మూడు వస్తాయి. చక్రానికి గుండ్రటి కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే 8 భాగాలు, ఒక్కోదాన్ని మూడు చేస్తే 24 ఆకులు. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం కలిపి మాట్లాడే ఒక పాప, ఆకులంటే చెట్టు ఆకులా అని అడిగింది. బండి చక్రం చూపించాల్సి వచ్చింది.

పుంగనూరు బిడ్డ మూడూ గీసి చాలాసేపు చూశాడు. తర్వాత పచ్చ పెన్సిలు పక్కనపెట్టి, కాషాయం పెన్సిలు ఎవరి దగ్గరుందని వెతుక్కున్నాడు.

వెంకయ్య గారు 1963 జూలై 4న పేదరికంలోనే కన్నుమూశారు. తన దేహం మీద మువ్వన్నెల జెండా కప్పి, శ్మశానం చేరాక దాన్ని తీసి రావిచెట్టుకు కట్టమని కోరారట. ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల వేసేసరికి 2009 వచ్చింది. ఆ బిళ్ల కూడా మా పిల్లల నోటుపుస్తకంలో ఒకటి అంటించి ఉంది.