విశాఖ చేపలకు తెలుగు పేర్లే ఉంచారు.. రక్తపింజరకు మాత్రం ఈయన పేరే!

నర్సీపట్నం: చేపల బండి మీద కనిపించే కానాగంతలు తెలుసు కదా.. వాటి సైంటిఫిక్ నేమ్ రాస్ట్రెల్లిగర్ కానాగుర్తా. ఇందులో రెండో మాట లాటిన్ కాదు, గ్రీకు అంతకన్నా కాదు. పక్కా తెలుగు. రెండు వందల ఏళ్ల క్రితం విశాఖ తీరంలో ఈ చేపను పిలిచిన పేరు అది. దాన్ని పుస్తకంలోకి ఎక్కించింది ఓ స్కాట్లాండ్ డాక్టర్. పేరు ప్యాట్రిక్ రస్సెల్. పొలాల్లో రైతులను హడలెత్తించే రక్తపింజరను ఇంగ్లిష్‌లో రస్సెల్స్ వైపర్ అంటారే.. ఆ రస్సెల్ ఈయనే.

పుట్టింది, వైద్యం చదివింది ఎడిన్‌బరోలో. 1750లో సిరియాలోని అలెప్పో వెళ్లారు. సవతి అన్న అలెగ్జాండర్ అప్పటికే అక్కడ డాక్టర్. 1760 నుంచి 1762 వరకు ఆ ఊరిని ప్లేగు కమ్మేసింది. రోగాలకు సూక్ష్మక్రిములు కారణమని ఇంకా ఎవరికీ తెలియని కాలమది. రస్సెల్ ఊరు వదిలి పోలేదు. వైద్యం చేస్తూనే రోగం తీరును రాసుకుంటూ పోయారు. ఆ రాతలే 1791లో ప్లేగు మీద పెద్ద పుస్తకంగా వచ్చాయి.

విశాఖకు ఎలా వచ్చారంటే.. సోదరుడు క్లాడ్‌కు ఈస్ట్ ఇండియా కంపెనీలో ఉద్యోగం. 1781లో ఆయనకు తోడుగా వచ్చారు. అప్పటికే వయసు యాభై దాటింది. మిగతావాళ్లయితే విశ్రాంతి తీసుకునేవారేమో! ఈయన మొక్కలు, పాములు, చేపల వెంట పడ్డారు. కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ 1785లో కాకినాడ పక్కనే ఉన్న జగన్నాథపురంలో చనిపోవడంతో ఆ పోస్టు రస్సెల్‌కు దక్కింది.

ముందు పాముల సంగతి. కాటేసిన పాముకు విషం ఉందో లేదో తెలియకపోవడమే అప్పట్లో పెద్ద సమస్య. పొట్ట కింద పొలుసులు లెక్కపెట్టే లినేయస్ పద్ధతి దీనికి పనికి రాదని, నోరు తెరిచి కోరలు చూడాల్సిందేనని ఆయన తేల్చారు. కుక్కలు, కోళ్లను పాములతో కరిపించి చూశారు. ఇవాళ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. పాముకాటుకు మందుగా పేరున్న తంజావూరు మాత్రలను కూడా గుడ్డిగా నమ్మకుండా పరీక్షకు పెట్టారు. నాగుపాము తర్వాత అంత ప్రమాదకరమైనదని ఆయన గుర్తించిన పాము ఒకటుంది. జనం నోట విన్నట్టే దాని పేరు కాటుక రేకుల పొడ అని రాశారు. నర్సీపట్నం చుట్టుపక్కల చెరకు తోటల్లో మనం భయపడే రక్తపింజర అదే. అయితే 1797లో ఇంగ్లండ్‌లో జార్జ్ షా దానికి రస్సెల్ పేరు పెట్టేశారు. అంత అందమైన తెలుగు పేరు పక్కకు పోయింది. బంగారు పాము విషయంలో మాత్రం అలా జరగలేదు. రస్సెల్ రాసిన ఆ పేరు నుంచే కట్లపాముల జాతికి బంగారస్ అనే పేరు వచ్చింది.

ఇక చేపలు. 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చయ్యాయి. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వివరాలు, బొమ్మలు అందులో ఉన్నాయి. బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. తిరగేస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో మన జాలరిపేట వినిపిస్తుంది.. పాల సొర, నల్ల చందువ, తెల్ల చందువ, కోనం. కొత్త శాస్త్రీయ నామాలు పెట్టి పేరు కొట్టేయాలని ఆయన చూడలేదు. అందుకే చేపల శాస్త్రంలో పెద్ద పేర్లు చెప్పమంటే ఈయన పేరు తొందరగా రాదు. ఆ లాభం తర్వాతివాళ్లకు దక్కింది. ఇక వల లాగినవాళ్ల పేర్లు, ఈ చేపను ఏమంటారో డాక్టరుకు చెప్పినవాళ్ల పేర్లు లోకానికి తెలియనే లేదు.

1789 జనవరిలో రస్సెల్ దేశం విడిచి వెళ్లారు. ఆ పోస్టులోకి విలియం రాక్స్‌బర్గ్ వచ్చారు. పాముల పుస్తకం మొదటి సంపుటం 1796లో వచ్చింది. రెండోది పూర్తిగా బయటకు రాకముందే, 1805 జులై 2న రస్సెల్ లండన్‌లో కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు. ఆ పుస్తకంలోని కానాగంత పేరును ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్యూవియే 1816లో శాస్త్రీయ నామంగా తీసుకునే నాటికి ఆయన పోయి 11 ఏళ్లు.