డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు గారి చరిత్రము

సమర్థుడైన వైద్యుడు రోగి నాడిని విడిచి అధికారపీఠమెక్కుట లోకమునకు లాభమా, నష్టమా యని పెద్దలు తర్కించుట కలదు. డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారు గారి జీవితము ఈ ప్రశ్నకు కొంత సమాధానమొసగుచున్నది. వారి కీర్తి చెన్నపురిలో వెలసినను, జన్మస్థలము తుంగభద్రాతీరమందలి కర్నూలు పట్టణమే.

1887వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన అచట యమళులు జన్మించిరి. వారికి రామస్వామి, లక్ష్మణస్వామి యని నామకరణము జరిగెను. రామాయణమందు యమళులు లక్ష్మణశత్రుఘ్నులు గాని రామలక్ష్మణులు కారు. అయినను ఈ సోదరుల యన్యోన్యతకు ఆ పేళ్లే తగియున్నవి. రామస్వామి గారు రాజకీయములలో ప్రవేశించి, 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలికి ప్రథమాధ్యక్షులైరి. లక్ష్మణస్వామి గారు వైద్యవిద్య నవలంబించిరి.

కర్నూలులో ఉన్నతపాఠశాల చదువు ముగించి, సోదరులిరువురు 1903లో చెన్నపురి చేరి క్రైస్తవ కళాశాలలో చదివిరి. పిమ్మట లక్ష్మణస్వామి గారు మద్రాసు వైద్యకళాశాలలో పట్టము పొంది, ప్రసూతిశాస్త్రమందు ప్రత్యేకముగ కృషి సల్పిరి. ఆ కాలమున పురుషుడు ఈ శాఖను చేపట్టుట సామాన్యము కాదు. పురిటిగది పురుషునకు నిషిద్ధస్థలము. మంత్రసానినే నమ్ముకొన్న కుటుంబములు వైద్యుని గుమ్మము దాటనిచ్చెడివి కావు. బిడ్డ అడ్డము తిరిగినను, రక్తస్రావమాగకున్నను, తల్లి మరణమును విధివ్రాతగా నెంచెడివారు. అట్టి దినములలో వారు ఎగ్మూరు స్త్రీశిశువైద్యశాలకు సూపరింటెండెంటుగను, కళాశాలలో ఆచార్యులుగను పనిచేసిరి. రోగి మంచము చెంత గడించిన యనుభవమును 1938లో క్లినికల్ ఆబ్‌స్టెట్రిక్స్ అను గ్రంథముగా వెలువరించిరి. అది వారి యనంతరము కూడ పునర్ముద్రణములు పొందినది. బిరుదులకంటె ఈ గ్రంథమే వారికి నిజమైన భూషణమని నా తలంపు.

1939లో వారు వైద్యకళాశాలకు ప్రిన్సిపాలైరి. 1835లో పుట్టిన ఆ విద్యాలయమునకు భారతీయుడు అధ్యక్షుడగుటకు 104 సంవత్సరములు పట్టెను! భారతీయునకు శస్త్రము చేతబట్టు నేర్పు కలదు గాని సంస్థను నడపు శక్తి లేదను భావము పాలకులలో పాతుకొనియుండెను. ఆయన తడబడియున్నచో ఆ భావమునకే బలము చేకూరియుండును. అట్లు జరుగలేదు.

1942లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. జపాను దాడి భయముచే జనులు పట్టణము విడిచి పోయిన సంవత్సరమది. అటుపిమ్మట 1969 వరకు, అనగా 27 సంవత్సరములు, ఆ పదవియందే యుండిరి. అళగప్ప చెట్టియారు సాంకేతిక కళాశాల 1944లో వారి కాలముననే వెలసెను. అయినను ఒకే పీఠమున ఒకరే అంతకాలముండుట, తరువాతివారి యెదుగుదలకు మంచిదని నేను చెప్పజాలను.

1952లో నియమితమైన మాధ్యమిక విద్యాసంఘమునకు వారే అధ్యక్షులు. విద్యార్థులనందరిని విశ్వవిద్యాలయమార్గముననే తరుమక, వృత్తులను, వ్యవసాయమును, వాణిజ్యమును నేర్పు బహుళార్థసాధక పాఠశాలలు నెలకొల్పవలెనని ఆ సంఘము సూచించెను. సూచన మంచిదే. పరికరములు లేని బడికి బోర్డు మార్చిన మాత్రమున ఏమగునో బడిపంతుళ్లమగు మాకు తెలియును.

1959లో ఏర్పడిన ఆరోగ్య పరిశీలనా ప్రణాళికా సంఘమునకు సైతము వారే అధ్యక్షులు. క్రొత్త ప్రాథమికారోగ్య కేంద్రములను విస్తరించుటకంటె ముందు ఉన్నవానిని బలపరచవలెననియు, ఒక్కొక్క కేంద్రము 40,000 జనసంఖ్యకు మించి భరించరాదనియు వారు నిర్ణయించిరి. జఠరాగ్ని బలమెరిగి పథ్యము విధించు వైద్యుని పద్ధతియే ఇది. పీఠమెక్కినను నాడి చూచుట వారు మానలేదు.

1949లో ప్రపంచారోగ్యసంస్థ కార్యనిర్వాహక మండలికిని, 1961లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచారోగ్య మహాసభకును అధ్యక్షత వహించిరి. 1945లో సర్ బిరుదము, 1954లో పద్మభూషణ, 1963లో పద్మవిభూషణ పురస్కారములు లభించినవి. తరమణిలోని వైద్య మూలశాస్త్రముల స్నాతకోత్తర సంస్థ వారి పేరు వహించినది. 1974 ఏప్రిల్ 15న వారు పరమపదించిరి. కూడ పుట్టిన రామస్వామి గారు మరి రెండేండ్లు జీవించి 1976లో దివంగతులైరి.