ముత్తులక్ష్మీ రెడ్డి

డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి (జూలై 30, 1886 - జూలై 22, 1968) ప్రముఖ వైద్యురాలు, సంఘ సంస్కర్త, మద్రాసు అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకురాలు. ఈమె తమిళనాట జన్మించినా, ఈమె నెలకొల్పిన ఆసుపత్రి దశాబ్దాలుగా తెలుగు రోగులకు కూడా ఆశ్రయమైనది.

బాల్యము, విద్య

ఈమె పుదుక్కోట సంస్థానములో జన్మించినది. తండ్రి నారాయణస్వామి అయ్యర్ కళాశాల ప్రధానాచార్యుడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబమునకు చెందినది. ఈ పుట్టుక వలన ముత్తులక్ష్మి చిన్ననాటి నుండి సమాజపు చిన్నచూపును ఎరిగినది. బాలుర కళాశాలలో ఆమెను చేర్చుకొనుటకు అభ్యంతరాలు వచ్చినా, మహారాజు అనుమతితో చదువుకొన్నది. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి 1912లో పట్టభద్రురాలైనది. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని వివాహమాడినది. 1927లో మద్రాసు శాసనమండలి ఉపాధ్యక్షురాలైనది. దేవదాసీ వ్యవస్థ రద్దుకై ఈమె చేసిన కృషి వేరొక వ్యాసమునకు సరిపడునంత పెద్దది. ఆ చట్టము 1947లో వచ్చినది.

క్యాన్సర్ ఆసుపత్రి

1923లో ఈమె సోదరి క్యాన్సరుతో మరణించినది. తాను వైద్యురాలై యుండియు ఆమె బాధను తగ్గించలేకపోవుట ముత్తులక్ష్మిని జీవితాంతము వెంటాడినది. 1925లో ఉన్నత విద్యకై లండను వెళ్ళినపుడు అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిని చూచి, అటువంటిది మద్రాసులోనూ ఉండవలెనని సంకల్పించినది. 1935లో వైద్య కళాశాల శతజయంతి సభలో ఈ విషయము ప్రస్తావించినది. క్యాన్సర్ వచ్చినవారు ఎటూ బ్రతుకరు, వారికి ప్రత్యేక ఆసుపత్రి ఎందుకను అభిప్రాయము అప్పటి ప్రభుత్వ వర్గాలలో ఉండెడిది. అందుచేత ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ద్వారా విరాళాలు సేకరించవలసి వచ్చినది. 1952 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, జూన్ 18, 1954న 12 పడకలతో ఆసుపత్రి మొదలైనది.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రము మద్రాసు నుండి విడిపోయి ఎనిమిది నెలలైనది. రాష్ట్రాలు వేరైనా నెల్లూరు, చిత్తూరు వంటి జిల్లాల రోగులకు మద్రాసే దగ్గర. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిట ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి 1955లో గాని ఏర్పడలేదు. అడయారుకు తమిళులతో పాటు తెలుగువారు, మలయాళీలు కూడా వచ్చెడివారు. రేడియేషన్ చికిత్స వారాల తరబడి సాగును. ఊరు విడిచి వచ్చిన రోగి తన నొప్పిని తన భాషలో చెప్పుకొనవలెను, రోగము పేరు వినగానే భయపడు బంధువులకు నచ్చజెప్పవలెను. ఈ పని మందులతో మాత్రమే జరుగునది కాదు, నర్సుల మీదనే ఎక్కువగా పడును. పేదలకు చికిత్స నిరాకరించరాదన్నది ఈ సంస్థ మొదటి నుండి పాటించిన నియమము.

ఈమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, 1955లో చేరిన డాక్టర్ వి. శాంత ఈ సంస్థను పెంచి పెద్దచేసిరి. ముత్తులక్ష్మికి 1956లో పద్మభూషణ్ పురస్కారము లభించినది.