శస్త్రవైద్యగురువు డాక్టరు ఎడ్వర్డు లారీ

శ్రీ ధన్వంతరిని కులదైవముగా గొలుచు మన నాయీబ్రాహ్మణ సంఘమునకు శస్త్రవైద్యము పరాయివిద్య కాదు. పల్లెలలో కురుపులు కోసి, ముండ్లు తీసి, కట్లు కట్టి ప్రజల నాదుకొన్నవారు మన పెద్దలు. పురుడు పోసినవారు మన యింటి స్త్రీలు. అట్టి మన వార్షికసంచికలో నొక యాంగ్లేయ వైద్యుని చరిత్ర మేల యని కొంద రడుగవచ్చును. విద్య నొసగినవాడు ఏ దేశమువాడైనను గురువే. మఱియు నీతని జీవితమున శిష్యులకును గురువులకును గూడ నొక హెచ్చరిక గలదు. కావున వ్రాయుచున్నారము.

డాక్టరు లారీ 1846లో జన్మించెను. నాల్గవ నిజాము నాసిరుద్దౌలా కాలమున హైదరాబాదులో వైద్యపాఠశాల వెలసినదియు నా సంవత్సరముననే. లారీ వైద్యవిద్య నభ్యసించిన ఎడింబరో నగరముననే 1847లో సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి దెచ్చెను. అంతకు పూర్వము రోగిని నలుగురు గట్టిగా బట్టుకొనగా వైద్యుడు కోత కోయుచుండెను. ఆ బాధ తొలగినది గాని క్రొత్త భయ మొకటి పుట్టినది. 1848 జనవరిలో ఇంగ్లండున హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయుటకై మత్తు నీయగానే మరణించెను. ఈ మందు గుండె నాపునా, శ్వాస నాపునా యను వివాద మప్పుడు బయలుదేరినది. శ్వాసనే కనిపెట్టవలెనని బోధించిన సైమను అను ప్రఖ్యాత శస్త్రవైద్యుని మతమును లారీ శిరసావహించెను.

పిమ్మట నాతడు హిందూదేశ వైద్యోద్యోగమున బ్రవేశించి, లాహోరున శస్త్రవైద్యోపాధ్యాయుడై, 1885లో హైదరాబాదునకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, వైద్యపాఠశాల కధ్యక్షుడయ్యెను. గోదావరీతీరమున నున్న మన మహదేవపూరును నాడు నిజాము రాజ్యములోనిదే. ఆతని కాలముననే యా పాఠశాలలో స్త్రీలును వైద్యము నేర్చిరి. వారిలో పారసీక వనిత రూపాబాయి ఫర్దూంజీ మత్తు నిచ్చు విద్యయందు ఖ్యాతి గాంచినది. ప్రపంచమున దొలి మత్తువైద్యురా లామెయే యని పలువు రెంతురు.

లారీ బోధనాపద్ధతి గమనింపదగినది. కోయువా డెంత నేర్పరియైనను మత్తు నిచ్చువాడు నేర్పరి గానిచో రోగి దక్కడని యాతని మతము. రోగిని వెల్లకిల బరుండబెట్టవలెను. మెడ, ఱొమ్ము, ఉదరములపై బట్టలు వదులు సేయవలెను. దూది గల టోపీని మొదటనే ముఖమున కదిమిపెట్టరాదు. అట్లైన రోగి యూపిరి బిగబట్టి పెనుగులాడును. మత్తు నిచ్చువాడు కోతవంక జూడక శ్వాసనే చూడవలెను. రోగికి మత్తు పూర్తిగా నెక్కనిదే కత్తి తాకింపరాదు. శ్వాస యాగినచో తక్షణమే కృత్రిమశ్వాస గల్పింపవలెను. ఈ నియమములు శిష్యులకు చేతిపనిగా నలవడువఱకు నాతడు వారిచే జేయించెను. సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయమందు శిష్యుడు గుమ్మడి, సొర, దోస మున్నగు ఫలములపై ఛేదనమును, తామరతూండ్లపై వేధనమును, బట్టపై కుట్టును అభ్యసింపవలె నని యున్నది. ఎంత శాస్త్రము చదివినను ఈ యభ్యాసము లేనివాడు కర్మకు దగడని మన ప్రాచీనుల సిద్ధాంతము. లారీ నడచిన బాటయు నదియే.

తన మతమును పరీక్షింపుమని లోకమును బిలిచిన ధైర్య మాతనిది. 1888లో తొలి హైదరాబాదు క్లోరోఫారము కమీషను కూడినది. దాని నిర్ణయమును లండనులోని లాన్సెటు వైద్యపత్రిక యంగీకరింపలేదు. అంతట ఆఱవ నిజాము మహబూబు అలీఖాను 1000 పౌనుల ద్రవ్య మొసగి, ఆ పత్రిక తరఫున నొక పరీక్షకుని బంపుమని కోరెను. 1889లో లాడరు బ్రంటను వచ్చి, కుక్కలు, కోతులు, గుఱ్ఱములు మొదలగు 400కు పైబడిన జంతువులపై జరిగిన పరీక్షలలో బాల్గొనెను. లారీ మతమున కెదిరియై వచ్చిన యాతడు దానినే సమర్థించి మరలెను.

ఇంతటితో కథ ముగిసిన బాగుండెడిది. కేంబ్రిడ్జిలో గాస్కెలు, షోరు అనువారు పరీక్షించి, క్లోరోఫారము గుండెనుగూడ నేరుగా దుర్బలపఱచు నని చూపిరి. లారీ లొంగలేదు, 1901లో విద్యార్థులకై ప్రకటించిన గ్రంథమునందును తన మతమునే నిలిపెను. 1911లో లెవీ అను పరిశోధకుడు, మత్తు తేలికగా నున్నప్పుడు గుండె లయతప్పి హఠాత్తుగా నాగునని నిరూపించెను. లారీ 1915లో పరమపదించెను. గుండెకు భయము లేదన్న యాతని సిద్ధాంతము నిలువలేదు. ఆ మందును శస్త్రచికిత్సలనుండి తొలగినది. కాని శ్వాసను విడువక కనిపెట్టుట, పూర్తిమత్తు లేనిదే కోయకుండుట యను అభ్యాసములు ప్రాణములను గాచినవి.

శిష్యులను నిత్యము దిద్దిన గురువు తన్ను దిద్దవచ్చిన వారిమాట వినడయ్యె నని మాకు విచారము. విద్యకు పట్టము ముగింపు కాదు. మన బాలబాలికలలో పలువురు వైద్యులుగను, నర్సులుగను, మత్తునిచ్చు నిపుణులుగను నేడు పనిచేయుచున్నారు. వారు తమకంటె నేర్పరిని ప్రక్కన నిలుపుకొని తమ చేతిపనిని జూపి లోపము లడిగి తెలిసికొందురు గాక. సంఘపోషకులు పరీక్షలో నెగ్గినవారికి బహుమతు లిచ్చుటతో దనియక, పనిలో నున్నవారు మరల నేర్చుకొనుటకును ద్రవ్యసహాయ మొనర్తురని కోరుచున్నాము. తన రాజ్యపు వైద్యుని మతమును పరులచే బరీక్షింపజేయుటకు ధన మిచ్చిన నిజాము దాతృత్వ మీ విషయమున నాదర్శము. ధన్వంతరి మన సంఘమును గాచుగాక.